సంతకం ఢిల్లీది, కట్టుబాటు అందరిదీ

2017 జులైలో హైదరాబాద్ మాదాపూర్‌లోని అంతర్జాతీయ సమావేశ కేంద్రం హెచ్‌ఐసీసీలో పదహారు దేశాల అధికారులు సమావేశమయ్యారు. ప్రాంతీయ సమగ్ర ఆర్థిక భాగస్వామ్యం, అంటే ఆర్‌సెప్ మీద జరిగిన చర్చల్లో అది 19వ విడత. ఆగ్నేయాసియాలోని పది దేశాలు, చైనా, జపాన్, దక్షిణ కొరియా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, భారత్ అందులో ఉన్నాయి. పాలపొడి మీద సుంకం ఎంతకు తగ్గించాలి, మందుల పేటెంట్ల నిబంధనలు ఎంత బిగించాలి, విత్తనం మీద హక్కు ఎవరిది, విదేశీ పెట్టుబడిదారుడికి ప్రభుత్వంతో తగాదా వస్తే ఏ కోర్టుకు వెళ్లాలి, ఇవన్నీ ఆ చర్చల్లోని అంశాలే. అదే రోజుల్లో నగరంలోనే రైతు సంఘాలు, కార్మిక సంఘాలు, చవక మందుల కోసం పనిచేసేవాళ్లు వేరే సభ పెట్టుకున్నారు. చర్చల ముసాయిదా అధికారికంగా బయటికి రాలేదు కాబట్టి వాళ్ల దగ్గరున్న ఆధారం లీకైన కాగితాలే. జపాన్, దక్షిణ కొరియా పెట్టిన పేటెంట్ ప్రతిపాదనలు కూడా అలా లీకైతేనే జనానికి తెలిశాయి.

రెండేళ్ల తర్వాత, 2019 నవంబర్ 4న బ్యాంకాక్‌లో భారత్ ఆ ఒప్పందం నుంచి తప్పుకుంది. పాడి రైతులు ఊపిరి పీల్చుకున్నారు. అది వాళ్లు గట్టిగా పోరాడి సాధించుకున్నదే, అందులో అనుమానం లేదు. అయితే ఆ కథలో మరో సంగతి ఉంది. చర్చల్లో చేరాలని నిర్ణయించింది కేంద్ర ప్రభుత్వం. 2013 నుంచి ఆరేళ్లపాటు ఏమేం ఇస్తామో, ఏమేం ఇవ్వమో చెబుతూ వచ్చింది కేంద్ర ప్రభుత్వం. చివరికి వద్దన్నదీ కేంద్ర ప్రభుత్వమే. చేరినప్పుడూ పార్లమెంటులో ఓటింగ్ జరగలేదు, బయటికి వచ్చినప్పుడూ జరగలేదు. ఆ రోజు బ్యాంకాక్‌లో సంతకం పెట్టి ఉంటే, అప్పుడు కూడా జరిగేది కాదు.

ఒక దేశం తరఫున మరో దేశానికి మాట ఇచ్చే అధికారం ఎవరికి ఉండాలన్నది ఇక్కడి ప్రశ్న. వినడానికి ఇది లాయర్ల గొడవలా ఉంటుంది. కానీ సుంకం ఎంత, మందు ధర ఎంత, కొండ తవ్వొచ్చా లేదా అనే విషయాలు చివరికి ఈ ప్రశ్న దగ్గరికే వచ్చి ఆగుతున్నాయి.

ఈ విషయం మీద ప్రపంచంలో ఎక్కువ రగడ జరిగింది అమెరికాలో. అక్కడి రాజ్యాంగం విదేశీ వాణిజ్యాన్ని నియంత్రించే అధికారాన్ని అధ్యక్షుడికి కాక కాంగ్రెస్‌కు ఇచ్చింది. 1930లో కాంగ్రెస్ సుంకాలను విపరీతంగా పెంచింది, ఇతర దేశాలు కూడా పెంచాయి, మాంద్యంలో ఉన్న వ్యాపారం మరింత దెబ్బతింది. అందుకని 1934లో సుంకాల తగ్గింపుపై బేరమాడే అధికారాన్ని చట్టం చేసి అధ్యక్షుడికి అప్పగించారు. 1974లో 'ఫాస్ట్ ట్రాక్' వచ్చింది. దాని ప్రకారం అధ్యక్షుడు ఒప్పందం కుదుర్చుకొస్తాడు, కాంగ్రెస్ 90 రోజుల్లోపు ఓటు వేయాలి. అవును అనొచ్చు, కాదు అనొచ్చు. అందులో ఒక్క వాక్యం కూడా మార్చడానికి వీల్లేదు.

అక్కడి పర్యావరణ సంఘాలకు, కార్మిక సంఘాలకు కోపం తెప్పించింది ఈ చివరి నిబంధనే. వందల పేజీల ఒప్పందంలో నదిని కాపాడే చట్టాన్ని బలహీనం చేసే వాక్యం ఒకటి ఉంటే, దాన్ని తీసేసి మిగతాది ఆమోదిద్దాం అనడానికి దారి లేదు. మొత్తం మింగాలి, లేదా మొత్తం కక్కాలి. 1998లో ప్రతినిధుల సభ ఈ అధికారాన్ని క్లింటన్‌కు ఇవ్వడానికి నిరాకరించింది. 2015లో ఒబామా అడిగినప్పుడు ప్రతినిధుల సభలో 218-208 ఓట్లతో గట్టెక్కింది. అంటే పది ఓట్ల తేడా. ఆ అధికారం 2021 జులై 1న గడువు తీరి ముగిసింది.

ఆ 2015 చట్టంలో కొన్ని షరతులున్నాయి. చర్చలు మొదలుపెట్టడానికి 90 రోజుల ముందు కాంగ్రెస్‌కు నోటీసు ఇవ్వాలి. సంతకానికి 60 రోజుల ముందు ఒప్పందం పూర్తి పాఠం జనం చదవడానికి వీలుగా బయట పెట్టాలి. అడిగిన ప్రతి సభ్యుడికీ చర్చల కాగితాలు చూపించాలి. పసిఫిక్ దేశాల ఒప్పందం చర్చల్లో ఉన్నప్పుడు కాంగ్రెస్ సభ్యులు కాపలా ఉన్న గదిలో కూర్చుని చదువుకోవాల్సి వచ్చిందని, కాపీ తీసుకోనివ్వలేదని అక్కడ పెద్ద గొడవ చేశారు. చేయాల్సిందే. కానీ హైదరాబాద్‌లో కూర్చుని ఈ షరతులు చదివినప్పుడు మనసులో మెదిలేది వేరే. ప్రజాస్వామ్యాన్ని కుదించేసిందని అమెరికన్లు తిట్టిపోసిన ఫాస్ట్ ట్రాక్‌లో ఉన్నంత పాత్ర కూడా భారత పార్లమెంటుకు లేదు.

రాజ్యాంగం ఏడో షెడ్యూలులో కేంద్ర జాబితా 14వ అంశం, విదేశాలతో ఒప్పందాలు చేసుకోవడాన్నీ వాటి అమలునూ కేంద్రానికి అప్పగించింది. పార్లమెంటు ఏ విషయం మీద చట్టం చేయగలదో, ఆ విషయంలో కేంద్ర ప్రభుత్వానికి కార్యనిర్వాహక అధికారం ఉంటుందని 73వ అధికరణ చెబుతోంది. ఈ రెండూ కలిపి చదివితే, పార్లమెంటు వేరే చట్టం చేసేదాకా కేంద్ర మంత్రివర్గమే సంతకం పెట్టొచ్చు. కచ్ సరిహద్దు వివాదంపై 1969లో వచ్చిన మగన్‌భాయ్ పటేల్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. ఒప్పందం వల్ల పౌరుల హక్కులు మారినా, ఉన్న చట్టం మారాల్సి వచ్చినా అప్పుడు మాత్రమే చట్టసభ అవసరం. లేకపోతే అక్కర్లేదు.

అప్పుడైనా పార్లమెంటుకు నిజమైన స్వేచ్ఛ ఉంటుందా? 1994 ఏప్రిల్‌లో మర్రకేష్‌లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం మీద భారత్ సంతకం చేసింది. దాని ప్రకారం పేటెంట్ చట్టం మార్చాలి. ఆ ఏడాది చివరి రోజున ఆర్డినెన్స్ తెచ్చారు. దాని స్థానంలో తెచ్చిన బిల్లు లోక్‌సభ దాటినా రాజ్యసభలో ఆగిపోయింది, ఆర్డినెన్స్ మురిగిపోయింది. ఒక చట్టసభ ఒక బిల్లును ఆపడం ప్రజాస్వామ్యంలో మామూలు విషయం. కానీ అమెరికా జెనీవాలోని ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు వేసింది, 1997 డిసెంబరులో అప్పీలు సంస్థ భారత్‌కు వ్యతిరేకంగా తేల్చింది, 1999లో పార్లమెంటు ఆ సవరణ చేయక తప్పలేదు. మాట ముందే ఇచ్చేశాక చట్టసభకు మిగిలేది దాన్ని నెరవేర్చే పనే.

రాష్ట్రాల పరిస్థితి ఇంకా అధ్వాన్నం. వ్యవసాయం రాష్ట్ర జాబితాలో ఉంది. కానీ ఒప్పందం అమలు కోసమైతే రాష్ట్ర జాబితాలోని విషయం మీద కూడా పార్లమెంటు చట్టం చేయొచ్చని 253వ అధికరణ అంటోంది. సుంకం తగ్గించడానికి ఆ చట్టం కూడా అక్కర్లేదు. 1962 కస్టమ్స్ చట్టంలోని 25వ సెక్షన్ కింద ఒక నోటిఫికేషన్ చాలు. 2025 ఆగస్టులో పత్తి దిగుమతి మీద ఉన్న 11 శాతం సుంకాన్ని అలాగే ఎత్తేశారు. మొదట సెప్టెంబర్ 30 వరకు అన్నారు, తర్వాత డిసెంబర్ 31 దాకా పొడిగించారు. తెలంగాణలో పత్తి ఏరడం మొదలై, వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు, ఆదిలాబాద్ యార్డుకు బస్తాలు చేరేది సరిగ్గా ఆ నెలల్లోనే. అమెరికా సుంకాలతో ఎగుమతులు దెబ్బతిన్న మిల్లులకు, దుస్తుల కంపెనీలకు చవక పత్తి కావాలి, ఆ బాధ అబద్ధం కాదు. కానీ ఆ రెండు బాధలనూ పక్కపక్కన పెట్టి వాదించుకునే చోటు అంటూ ఒకటి ఉండాలి కదా. గెజిట్ నోటిఫికేషన్‌లో ఆ వాదన జరగదు.

అమెరికాలో 2025లో జరిగింది దీనికి మరో రూపం. అక్కడ కాంగ్రెస్‌ను పక్కన పెట్టి, అత్యవసర పరిస్థితుల కోసం 1977లో చేసిన చట్టాన్ని వాడి అధ్యక్షుడు ప్రపంచం మొత్తం మీద సుంకాలు వేశాడు. ఆగస్టు 27 నుంచి భారత సరుకుల మీద అది 50 శాతానికి చేరింది. ఆ చట్టం అంత అధికారం ఇవ్వదని రెండు రోజుల తర్వాత అక్కడి ఫెడరల్ అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. ఈలోపు భీమవరం రొయ్యల చెరువుల దగ్గర రేటు పడిపోయి రైతులు టెన్షన్ పడుతూనే ఉన్నారు. వాణిజ్య అధికారం ఒక్క చేతిలో పోగుపడితే దెబ్బ ఆ దేశంలోనే ఆగదు.

ఇక మందుల సంగతి. హైదరాబాద్‌కు ఇది ఇంటి విషయం. 1960ల్లో బాలానగర్‌లో ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ పెట్టడం, 1970 పేటెంట్ చట్టం మందుల అణువు మీద కాకుండా తయారీ పద్ధతి మీద మాత్రమే పేటెంట్ ఇవ్వడం, ఈ రెండిటి మీదే నగరం చుట్టూ బల్క్ డ్రగ్ పరిశ్రమ, అంటే మందుల ముడిసరుకు తయారీ, పెరిగింది. 2005లో అణువు మీద పేటెంట్ తిరిగి వచ్చినా, పార్లమెంటు కొన్ని తలుపులు తెరిచే ఉంచింది. అందులో ఒకటి కంపల్సరీ లైసెన్స్, అంటే పేటెంట్ ఉన్న కంపెనీ ఒప్పుకోకపోయినా ఆ మందు తయారీకి మరో కంపెనీకి ప్రభుత్వం ఇచ్చే అనుమతి. 2012 మార్చిలో హైదరాబాద్ కంపెనీ నాట్కోకు దేశంలోనే మొదటి కంపల్సరీ లైసెన్స్ వచ్చింది. బేయర్ కంపెనీ కేన్సర్ మందు నెక్సవార్ నెలకు సుమారు 2,80,000 రూపాయలు ఉండగా, అదే మందు 8,880 రూపాయలకు అమ్మేలా ఉత్తర్వు వచ్చింది. బేయర్ తన మందును ఈ దేశంలో ఎంతమందికి అందించింది అన్నది ఆ కేసులో కీలకం. ఆ లెక్క బయటపడింది పేటెంట్ ఉన్నవాళ్లు ప్రతి ఏటా నింపి ఇవ్వాల్సిన ఫారం 27 నుంచే.

2024 మార్చి 10న స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టీన్‌లతో భారత్ వాణిజ్య ఒప్పందం మీద సంతకం చేసింది. పదిహేనేళ్లలో 10,000 కోట్ల డాలర్ల పెట్టుబడి వస్తుందన్న మాట పతాక శీర్షికలకు ఎక్కింది. ఆ ఒప్పందం మేధోసంపత్తి అనుబంధంలో మరో మాట ఉంది. పేటెంట్ వినియోగం మీద సమాచారం అడిగే వ్యవధి మూడేళ్లకు తగ్గకూడదు. సంతకమైన అయిదు రోజులకు, మార్చి 15న, పేటెంట్ నిబంధనల సవరణ నోటిఫై అయింది. ఏటా ఇవ్వాల్సిన ఫారం 27 మూడేళ్లకోసారి ఇస్తే చాలని మారింది. దీనికి చట్ట సవరణ అక్కర్లేదు, నిబంధన సవరణే కాబట్టి సభలో ముందుగా చర్చ కూడా అక్కర్లేదు. రేపు మరో ప్రభుత్వం వచ్చి దాన్ని ఏడాదికి మార్చాలనుకుంటే, నాలుగు దేశాలకు ఇచ్చిన మాట తప్పినట్టవుతుంది. పార్లమెంటు చేసిన చట్టాన్ని తర్వాతి పార్లమెంటు మార్చగలదు. ఒప్పందంలో రాసిన వాక్యాన్ని అలా మార్చలేదు.

ఈ నాలుగు దేశాల కూటమితోనే ఇండోనేషియా చేసుకున్న ఒప్పందం కథ పక్కనే పెట్టి చూడాలి. పామాయిల్ తోటల కోసం అడవులు నరికేస్తున్నారని స్విట్జర్లాండ్‌లో ఆందోళన మొదలైంది. అక్కడ తగినన్ని సంతకాలు సేకరిస్తే ఇలాంటి ఒప్పందం మీద జనం ఓటింగ్ జరగాలి. ఆ భయం చర్చల గదిలోకి ముందే వెళ్లింది. పర్యావరణ ప్రమాణాలు పాటించినట్టు రుజువు చూపిన పామాయిల్‌కే తక్కువ సుంకం అనే షరతు ఒప్పందంలోనే రాసుకున్నారు. 2021 మార్చి 7న జనం ఓటు వేశారు, 51.6 శాతం అవునన్నారు. ఒప్పందం ఆగలేదు, కానీ మెరుగైంది. ఓటు ఉంటే జరిగే మేలు ముఖ్యంగా ఇదే. కాదనే హక్కును నిజంగా వాడాల్సిన అవసరం చాలాసార్లు రాదు, అది ఉందన్న స్పృహే ముసాయిదా రాసేవాళ్ల కలాన్ని మారుస్తుంది. పామాయిల్‌ను ప్రపంచంలో ఎక్కువగా దిగుమతి చేసుకునే దేశం మనదే. అందులో ఎక్కువ భాగం ఇండోనేషియా, మలేషియాల నుంచే వస్తుంది. కోఠిలో మిర్చిబజ్జీల బండి మీది మూకుడులో మరిగేదీ చాలావరకు అదే. 2010 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఆసియాన్ ఒప్పందంలో పామాయిల్ సుంకం మీద మనమూ మాట ఇచ్చాం. అడవుల గురించి మన వైపు నుంచి ఏ షరతూ లేదు.

పర్యావరణానికి వాణిజ్య ఒప్పందాల నుంచి ముప్పు రెండు దారుల్లో వస్తుంది. మొదటిది కంపెనీలు ప్రభుత్వాల మీద నేరుగా వేసే కేసులు. కెనడా 1997లో పెట్రోల్‌లో కలిపే ఎంఎంటీ అనే మాంగనీస్ రసాయనం దిగుమతిని నిషేధిస్తే, అమెరికా కంపెనీ ఎథిల్ ఉత్తర అమెరికా దేశాల వాణిజ్య ఒప్పందం నాఫ్టా కింద కేసు వేసింది. మరుసటి ఏడాది కెనడా 1.3 కోట్ల డాలర్లు చెల్లించి, నిషేధం ఎత్తేసింది. మెక్సికోలో ఒక మున్సిపాలిటీ ప్రమాదకర వ్యర్థాల డంపుకు అనుమతి నిరాకరిస్తే, 2000లో మెటల్‌క్లాడ్ కంపెనీకి 1.6 కోట్ల డాలర్లకు పైగా పరిహారం చెల్లించాలని తీర్పు వచ్చింది. ఇవి దూరపు కథలు. తెలుగు నేల మీద జరిగిన కథ వీటన్నిటికంటే స్పష్టంగా ఉంటుంది.

చింతపల్లి, జెర్రెల కొండల్లో బాక్సైట్ ఉంది. ఇప్పుడు అది అల్లూరి సీతారామరాజు జిల్లా. అక్కడి కాఫీ తోటలు, మిరియాల తీగలు, ఊటనీళ్లు అన్నీ ఆ కొండల మీదే ఆధారపడి ఉన్నాయి. 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గనుల తవ్వకానికి ప్రైవేటు కంపెనీలకు భూమి లీజుకివ్వకూడదని తేల్చింది. దాంతో ప్రభుత్వ సంస్థ తవ్వుతుంది, ప్రైవేటు రిఫైనరీ కొనుక్కుంటుంది అనే పద్ధతి ముందుకొచ్చింది. యూఏఈలోని రస్ అల్ ఖైమా ప్రభుత్వంతో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2007లో అవగాహన కుదుర్చుకుంది, మాకవరపాలెం మండలంలో అన్‌రాక్ అల్యూమినా రిఫైనరీ కట్టారు. గిరిజనులు ఒప్పుకోలేదు. ఏళ్ల తరబడి ఊరూరా వ్యతిరేకత, గ్రామసభల తీర్మానాలు, మన్యంలో ఉద్రిక్తత. 2015 నవంబరులో తవ్వకానికి దారి తీసే జీవో 97 వస్తే మళ్లీ మంటలు రేగాయి. చివరికి రాష్ట్ర ప్రభుత్వం వెనక్కి తగ్గింది, బాక్సైట్ సరఫరా ఒప్పందం రద్దయింది. ప్రజాస్వామ్యం పని చేయాల్సిన తీరు ఇదే. కొండ మీదున్నవాళ్లు వద్దన్నారు, వాళ్ల గొంతు రాజధానిదాకా వినిపించింది.

2016లో రస్ అల్ ఖైమా పెట్టుబడి సంస్థ భారత ప్రభుత్వం మీద అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి వెళ్లింది. భారత్, యూఏఈల మధ్య పెట్టుబడి రక్షణ ఒప్పందం కింద సుమారు 4.47 కోట్ల డాలర్ల పరిహారం కోరింది. ఆ పెట్టుబడి ఒప్పందం మీద సంతకమైంది 2013 డిసెంబరులో. తెలుగు రాజకీయమంతా రాష్ట్ర విభజన చుట్టూ తిరుగుతున్న రోజులవి. ఆ ఒప్పందం మీద పార్లమెంటు ఓటింగ్ లేదు, ఆంధ్రప్రదేశ్ శాసనసభ ముందుకు రాలేదు, చింతపల్లి గిరిజనుల్ని అడిగే ప్రసక్తే లేదు. రాజ్యాంగం అయిదో షెడ్యూలు, గిరిజన ప్రాంతాల్లో గ్రామసభలకు అధికారాలిచ్చే పెసా చట్టం, సమతా తీర్పు గిరిజనుల పక్షాన ఉన్నాయి. మధ్యవర్తుల ముందు తూకంలో ముందుగా నిలిచేది మాత్రం రెండు దేశాలు రాసుకున్న ఆ కాగితం, ఆ కాగితంలో గ్రామసభ అనే మాటకు చోటు లేదు.

ఇలాంటి కేసులు వరసగా వచ్చాకే కేంద్రం మేలుకుంది. ఇకపై చేసుకునే పెట్టుబడి ఒప్పందాలకు కొత్త నమూనాను 2015 డిసెంబరులో ఆమోదించారు. విదేశీ కంపెనీ ముందు భారతీయ కోర్టుల్లో కనీసం అయిదేళ్లు ప్రయత్నించాలని అందులో రాశారు, పాత ఒప్పందాల్లో చాలావాటిని రద్దు చేశారు. మంచి మార్పు. కానీ 2024లో అదే యూఏఈతో కొత్త ఒప్పందం చేసుకున్నప్పుడు ఆ అయిదేళ్లు మూడేళ్లయ్యాయి. బిగించినదీ మంత్రివర్గమే, సడలించినదీ మంత్రివర్గమే. ఎందుకు సడలించారో సంతకానికి ముందు పార్లమెంటుకు చెప్పి ఒప్పించాల్సిన బాధ్యత ఏ చట్టంలోనూ లేదు.

రెండో దారి దేశాల మధ్య కేసులు. జాతీయ సోలార్ మిషన్‌లో దేశంలో తయారైన ప్యానెళ్లే వాడాలన్న షరతు మీద అమెరికా ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లింది. వాతావరణ ఒప్పందం, రియో ప్రకటన కింద మాకు బాధ్యతలున్నాయి, అవి నెరవేర్చడానికే ఇది అని భారత్ వాదించింది. 2016 సెప్టెంబరులో అప్పీలు సంస్థ ఆ వాదనను తోసిపుచ్చింది. ఆ అంతర్జాతీయ ఒప్పందాలు భారత్‌లో వాటంతటవే చట్టం కావు కాబట్టి లెక్కలోకి రావు అంది. ఇందులో ఒక అన్యాయం దాగుంది. వాణిజ్య ఒప్పందమూ పార్లమెంటు ఓటు లేకుండానే వచ్చింది, పర్యావరణ ఒప్పందమూ అలాగే వచ్చింది. కానీ మొదటిదానికి జెనీవాలో తీర్పు చెప్పే యంత్రాంగం ఉంది, రెండోదానికి లేదు. 2024 నాటి నాలుగు దేశాల ఒప్పందంలోనూ పర్యావరణం, కార్మికుల మీద ఒక అధ్యాయం పెట్టారు, వివాద పరిష్కార నిబంధనలు మాత్రం దానికి వర్తించవు. మాట తప్పితే అడిగే దిక్కు ఉండదు.

పటాన్‌చెరు దగ్గరికి వస్తే ఒకటి ఒప్పుకోవాలి. అక్కడి కాలుష్యానికి వాణిజ్య ఒప్పందాలు కారణం కావు. నక్కవాగు ఎర్రబారినప్పటికి ప్రపంచ వాణిజ్య సంస్థ పుట్టనే లేదు, ఊళ్ల గోడు 1990లోనే సుప్రీంకోర్టుకు చేరింది. పాపం ఇక్కడి పరిశ్రమలది, చూసీచూడనట్టు వదిలేసిన ఇక్కడి వ్యవస్థది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని ప్రచురించారు. ఆ మందు వాడుతున్న రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. అలాంటి నీటిలో బతకడం నేర్చుకున్న బ్యాక్టీరియా మీద ఆ మందు ఇక పనిచేయదు. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ మందుల కంపెనీల వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు పెడతామని ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు లేవు.

అంటే ఆ నిబంధన ఇంకా రావాల్సే ఉంది. రేపు కేంద్రమో తెలంగాణ ప్రభుత్వమో ఆ పరిమితులు పెడితే, లేదా మంజీర పరీవాహకంలో కొత్త యూనిట్లు వద్దంటే, ఇక్కడి మందుల కంపెనీల్లో వాటాలున్న విదేశీ పెట్టుబడిదారులకు అభ్యంతరం రావొచ్చు. అప్పుడు న్యాయశాఖ అధికారి ఫైలు మీద రాసే మొదటి ప్రశ్న నీళ్ల గురించి ఉండదు, ఏ దేశంతో ఏ ఒప్పందం ఉందో చూశారా అని ఉంటుంది. వెనకాడేలా చేయడానికి కేసు వేయనక్కర్లేదు, కేసు పడొచ్చన్న భయం చాలు. ఇస్నాపూర్‌లోనో గండిగూడెంలోనో ఉండే మనిషి తన ఎమ్మెల్యేను నిలదీయగలడు, కాలుష్య నియంత్రణ మండలి ముందు ధర్నా చేయగలడు. తన చెరువు భవిష్యత్తును కట్టేసిన వాక్యం ఏ పేజీలో ఉందో, ఎవరు ఒప్పుకున్నారో మాత్రం అతనికి తెలిసే దారి లేదు.

రహస్యం లేకుండా బేరం కుదరదు అనే వాదన ఒకటి ఎప్పుడూ వినిపిస్తుంది. అందులో కొంత నిజముంది. ఆవును కొనేవాడు తన జేబులో ఎంతుందో సంతలో చాటడు. ఎంతవరకు తగ్గగలమో అవతలివాళ్లకు తెలిస్తే నష్టమే. కానీ తన చివరి బేరం దాచుకోవడం వేరు, కుదిరిన ఒప్పందం పాఠాన్ని సంతకానికి ముందు సొంత చట్టసభకు చూపకపోవడం వేరు. యూరోపియన్ పార్లమెంటు అంగీకారం లేకుండా అక్కడ వాణిజ్య ఒప్పందం ఖరారు కాదు. 2012 జులైలో నకిలీ వస్తువుల వ్యతిరేక ఒప్పందాన్ని ఆ పార్లమెంటు 478-39 ఓట్లతో తిరస్కరించింది. ఆ తర్వాత ప్రపంచం యూరప్‌తో వ్యాపారం మానేయలేదు. 2016 అక్టోబరులో బెల్జియంలోని వలోనియా ప్రాంతం కెనడా ఒప్పందానికి అడ్డం పడింది. దాని జనాభా తెలంగాణ జనాభాలో పదో వంతు. తమ రైతుల గురించి, కంపెనీల కేసుల గురించి హామీలు రాయించుకున్నాకే అది ఒప్పుకుంది, ఆ నెలాఖరులో సంతకాలయ్యాయి. మూడున్నర కోట్ల మందికి ప్రాతినిధ్యం వహించే శాసనసభకు పత్తి మీద, పాల మీద, మందుల మీద ఆ మాత్రం మాట ఉండాలని కోరడం అత్యాశ కాదు.

చట్టసభ ఓటు వేస్తే నదులు వాటంతటవే శుభ్రపడవు. నాఫ్టాను 1993లో ఆమోదించింది అమెరికా కాంగ్రెసే. పార్టీ విప్‌కు కట్టుబడి చేతులెత్తే సభలో ఓటింగ్ లాంఛనంగా మారే ప్రమాదం ఇక్కడ ఇంకా ఎక్కువ. అయినా ఓటింగ్ ఉందంటే పాఠం ముందుగా బయటికి రావాలి, స్థాయీ సంఘం ముందు రైతు సంఘం, పరిశ్రమ, శాస్త్రవేత్త కూర్చుని మాట్లాడాలి, ఏ ఎంపీ ఏ వైపు నిలిచాడో ఊళ్లో జనానికి తెలియాలి. ఫారం 27 గురించి సంతకానికి ముందే ఎవరో ఒకరు లేచి అడిగేవాళ్లు.

ఇదేమీ కొత్త కోరిక కాదు. జస్టిస్ ఎం.ఎన్. వెంకటాచలయ్య అధ్యక్షతన పనిచేసిన రాజ్యాంగ పునస్సమీక్ష సంఘం 2002లో ఇచ్చిన నివేదికలో, విదేశీ ఒప్పందాలు చేసుకునే పద్ధతి మీద పార్లమెంటు ఒక చట్టం చేయాలని సిఫారసు చేసింది. తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఆ సంఘంలో సభ్యులు. ఏ ఒప్పందాన్ని ప్రభుత్వం సొంతంగా చేసుకోవచ్చో, దేన్ని సభ ముందు పెట్టాలో, రాష్ట్రాల జాబితాలోని విషయమైతే వాటిని ఎప్పుడు సంప్రదించాలో ఆ చట్టంలో రాసుకోవచ్చు. రాజ్యాంగ సవరణ అవసరం లేదు. కేంద్ర జాబితా 14వ అంశం కింద ఆ చట్టం చేసే అధికారం పార్లమెంటుకు 1950 నుంచీ ఉంది.